ఒసైరిస్‌కి గుళ్ళో రోజూ ఏం చేసేవాళ్ళు, మామూలు జనాన్ని లోపలికి రానిచ్చేవాళ్ళా?

మీ ప్రశ్న ఇదీ: ఒసైరిస్ అంటే చచ్చినవాళ్ళ దేవుడు కదా, మన దగ్గర యముడికి ధర్మపురిలో లాగా ఎక్కడో ఒకటీ అరా తప్ప గుళ్ళే కనపడవు, మరి ఈజిప్ట్ వాళ్ళు చావుతో సంబంధం ఉన్న దేవుడికి అంతంత పెద్ద గుళ్ళు కట్టి లోపల రోజూ ఏం చేసేవాళ్ళు, జనం వెళ్ళి దణ్ణం పెట్టుకునేవాళ్ళా, పనిలో పనిగా నక్క తల దేవుడు అనుబిస్ సంగతి కూడా చెప్పండి అన్నారు. నేను చాలా ఏళ్ళుగా మనవాళ్ళ గ్రూపుల్ని ఈజిప్ట్ తీసుకెళ్తుంటా, లక్సర్ నుంచి ఒసైరిస్ గుడి ఉన్న అబిడోస్‌కి వెళ్ళే బస్సులో దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు చిన్న జవాబు. జనం లోపలికి వెళ్ళేవాళ్ళు కాదు. గుడి లోపల జరిగేది రాజు పేరు మీద పూజారులు చేసే పని, దానికి ప్రేక్షకులు ఉండరు, క్యూ ఉండదు, దర్శనం టైమింగ్స్ ఉండవు. జనం భక్తి అంతా గుడి బయట, దేవుడు ఊరేగే దారి పక్కన. ఒసైరిస్ విషయంలో ఆ దారి గుడి కంటే ఎక్కువ మాట్లాడుతుంది అనేది నా అభిప్రాయం, ఎందుకో కింద చెప్తా.

అసలు యముడితో పోలిక దగ్గరే లెక్క తప్పుతోంది అండి. ఒసైరిస్ ప్రాణాలు తీసేవాడు కాదు, తనే చచ్చిపోయినవాడు. తమ్ముడు సెత్ చంపేస్తాడు, భార్య ఐసిస్, ఆవిడ చెల్లెలు నెఫ్తిస్ వెతికి శవాన్ని దక్కించుకుంటారు, అనుబిస్ మమ్మీ చేస్తాడు, ఐసిస్ గద్ద రూపంలో వాలి హోరస్‌ని కడుపున మోస్తుంది, కొడుకు పెద్దయ్యి భూమ్మీద సింహాసనం తీసుకుంటాడు, తండ్రి అవతలి లోకానికి రాజవుతాడు. 14 ముక్కలు చేసి నైలు నదిలో పారేశాడు, ఒక భాగాన్ని చేప మింగింది అని మనం వీడియోల్లో వినే వెర్షన్ మాత్రం క్రీ.శ. 2వ శతాబ్దం మొదట్లో ప్లూటార్క్ అనే గ్రీకాయన రాసినది, ఈజిప్ట్ వాళ్ళు తమ గోడల మీద హత్య సీన్‌ని ఇలా కథలా చెప్పుకోరు, అది రాస్తే మళ్ళీ జరిగినట్టే అని భయం, నెడిత్ అనే చోట ఒడ్డున పడిపోయాడు అని ఒక మాట అనేసి ముందుకెళ్ళిపోతారు. గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ కూడా సాయిస్ ఊళ్ళో గుడి చెరువు మీద రాత్రిపూట ఈ దేవుడి కష్టాలు ఆడి చూపిస్తారు, నాకు వివరాలు తెలుసు కానీ చెప్పను అని నోరు మూసుకున్నాడు.

ఈ కథలో పూజకి కావలసిన పాయింట్ ఒక్కటే, చచ్చిపోయిన తండ్రికి బతికున్న కొడుకు సేవ చేయడం. మనలో తద్దినం లాజిక్ ఎలాంటిదో అలాంటిదే, పెట్టేవాడు ఉన్నంతకాలం పైవాడికి లోటు లేదు. ఈజిప్ట్ గుళ్ళలో ఏ దేవుడికి ఏది సమర్పించినా, రొట్టె అయినా సాంబ్రాణి ధూపం అయినా బట్ట అయినా, మంత్రంలో దాన్ని హోరస్ కన్ను అనే అంటారు. సెత్‌తో కొట్లాటలో హోరస్ పోగొట్టుకున్న కన్ను అది, తిరిగొచ్చాక దాన్ని తండ్రికి ఇచ్చి బతికించుకుంటాడు. అంటే ఆమూన్ గుడి అయినా ప్తా గుడి అయినా పూజారి ఆడే పాత్ర హోరస్‌దే, సేవ అందుకునే దేవుడు ఒక రకంగా ఒసైరిస్ పొజిషన్‌లో ఉంటాడు. కాబట్టి చావు దేవుడికి గుడేంటి అని మనకి వింతగా అనిపిస్తుంది గానీ, వాళ్ళ గుడి పూజకి మూలమే ఆ చచ్చినవాడికి చేసే సేవ.

ఇక అబిడోస్. ఈ ఊరు మొదట్లో ఒసైరిస్‌ది కాదు. అక్కడ ఖెంతియమెంతియు అని నక్క రూపంలో ఒక శ్మశాన దేవుడు ఉండేవాడు, 1వ వంశం రాజుల్ని ఎడారిలో ఉమ్ ఎల్-కాబ్ అనే చోట పూడ్చారు, ఇది క్రీ.పూ. 3000 చుట్టుపక్కల మాట. ఒసైరిస్ పేరు రాతల్లో కనపడటమే 5వ వంశంలో, అంటే ఇంకో ఆరేడు వందల ఏళ్ళ తర్వాత, ఆ వంశం రాజు ఉనాస్ పిరమిడ్ లోపల గోడల మీద మంత్రాల్లో అయితే చచ్చిన రాజునే ఒసైరిస్ అని పిలుస్తారు. అక్కణ్ణుంచి మెల్లిగా పాత దేవుడి పేరు కొత్త దేవుడికి బిరుదైపోయింది.

అసలు విచిత్రం తర్వాత జరిగింది. మధ్య రాజ్యం కాలంలో, అంటే సుమారు క్రీ.పూ. 2050, 1650 మధ్య, పూజారులు ఆ ఎడారిలో పాత సమాధులు తవ్వి చూసి, వాటిల్లో జెర్ అనే 1వ వంశం రాజు సమాధిని ఇదే ఒసైరిస్ సమాధి అని డిసైడ్ చేశారు. వెయ్యేళ్ళకి పైగా పాతబడిన గొయ్యి అది, దానికి కొత్తగా మెట్లు కట్టారు, లోపల నల్ల రాతితో ఒక విగ్రహం పెట్టారు, సింహాల కాళ్ళున్న మంచం మీద ఒసైరిస్ పడుకుని ఉంటాడు, మీద గద్దగా ఐసిస్ వాలి ఉంటుంది. దాన్ని 1898లో అమెలినో అనే ఫ్రెంచాయన బయటికి తీశాడు, నిజంగానే దేవుడి సమాధి దొరికింది అని ఆయన తెగ సంబరపడ్డాడు, తర్వాత పెట్రీ అనే ఇంగ్లీష్ పురావస్తు పండితుడు వచ్చి అదే చోట జాగ్రత్తగా తవ్వి ఇది జెర్ రాజుది అని తేల్చాడు. అమెలినో వదిలేసిన చెత్తలోంచే, గోడ సందులో దాచిన ఒక చెయ్యి, దానికి కట్టిన గుడ్డలో బంగారం, నీలం రాళ్ళ కడియాలు పెట్రీ మనుషులకి దొరికాయి, అవిప్పుడు కైరోలో ఉన్నాయి. ఎలా తవ్వకూడదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఆ సమాధి చుట్టూ కుండ పెంకులు గుట్టలు గుట్టలు, లక్షల్లో. చాలావరకు చిన్న చిన్న గిన్నెలు, చేతిలో పట్టేంతవి, భక్తులు, గుడి వాళ్ళు శతాబ్దాల తరబడి తెచ్చి పెట్టినవి. అక్కడ నడిస్తే కాళ్ళ కింద కరకర మంటాయి. ఆ చోటికి స్థానిక అరబిక్‌లో పేరు కూడా ఆ కుండల మీదే వచ్చింది. 1977 నుంచి జర్మన్ టీమ్ అక్కడ పని చేస్తోంది, మామూలు టూరిస్ట్ టికెట్ మీద అక్కడిదాకా పోనివ్వరు.

సరే, గుడి లోపలికి వద్దాం. అబిడోస్‌లో ఇప్పుడు మనం చూసే గుడి సేటీ 1 అనే రాజు కట్టించినది, క్రీ.పూ. 1290, 1279 మధ్య పాలించాడు, ముందు భాగం కొడుకు రామ్‌సెస్ 2 పూర్తి చేశాడు. తండ్రి చెక్కించిన బొమ్మలు పైకి ఉబ్బి నున్నగా బట్ట మడత కూడా కనపడేలా ఉంటాయి, కొడుకువి లోతుగా గబగబా గీకేసినట్టు ఉంటాయి, నేను గ్రూప్‌కి చెప్పక్కర్లేకుండానే వాళ్ళే తేడా పట్టేస్తారు. వెనక వరసలో 7 గదులు, సేటీకి, ప్తాకి, రే-హొరాఖ్తికి, మధ్యలో ఆమూన్‌కి, ఆ పక్కన ఒసైరిస్, ఐసిస్, హోరస్‌లకి. మిగతా గదుల్లో వెనక గోడ మీద రాతిలో చెక్కిన ఉత్తుత్తి తలుపు ఉంటుంది, ఒసైరిస్ గదికి మాత్రం వెనక నిజం తలుపు, దానిలోంచి వెళ్తే స్తంభాల హాలు, ఇంకో మూడు చిన్న గదులు, అంతా ఒసైరిస్ కుటుంబానిదే. ప్లాన్ చూస్తేనే ఈ గుడి ఎవరిదో తెలిసిపోతుంది.

ఆ గదుల గోడల మీదే రోజువారీ పూజ అంతా సీన్ల వారీగా ఉంది. తెల్లవారుజామున పూజారి శుద్ధి చేసుకుని దీపం, ధూపం పట్టుకుని వస్తాడు, గర్భగుడి పెట్టె తలుపుకి నిన్న వేసిన మట్టి సీల్ పగలగొడతాడు, గడియ లాగుతాడు, ఆ గడియని సెత్ వేలు అంటారు, హోరస్ కంట్లోంచి సెత్ వేలు తీసేస్తున్నా అని మంత్రం చదువుతూ లాగాలి. తలుపులు తెరిచి దేవుడి మొహం చూసి నేల మీద సాష్టాంగం, నేలని ముద్దు పెట్టుకోవడం, స్తోత్రం. తర్వాత నిన్నటి బట్ట విప్పడం, నిన్నటి నూనె తుడవడం, కొత్త బట్టలు తెల్లది, ఆకుపచ్చది, ఎర్రది వరసగా కట్టడం, పరిమళ తైలం పూయడం. ఈ తైలం సీన్ ఒకటి దగ్గరికెళ్ళి చూడండి, రాజు ఎడం చేతిలో చిన్న గిన్నె, కుడి చేతి చిటికెన వేలు ఒక్కటే ముందుకి చాచి దేవుడి నుదుటి దగ్గర తాకిస్తుంటాడు, మిగతా వేళ్ళు ముడిచి ఉంటాయి, మూడు వేల మూడొందల ఏళ్ళ క్రితం శిల్పి ఆ వేలి గోరు కూడా వదల్లేదు. చివర్లో నాట్రాన్ ఉప్పుతో శుద్ధి, తలుపు మూసి మళ్ళీ సీల్, వెనక్కి నడుస్తూ నేల మీద తన అడుగుల గుర్తులు చీపురుతో తుడిచేసుకుంటూ బయటికి రావడం. ఇదే పూజ ఆమూన్‌కి ఎలా చేయాలో రాసిన పేపైరస్ ఒకటి బెర్లిన్‌లో ఉంది, అందులో 66 మంత్రాలు.

గోడ మీద దాదాపు అన్ని సీన్లలో చేసేది రాజే, మామూలు పూజారి బొమ్మ ఉండదు. రాజు ఏదో పెద్ద పండక్కి తప్ప రాడు, ఒక్కడు అన్ని గుళ్ళలో తెల్లారుజామున ఎలా ఉంటాడు, కాబట్టి పూజారి రాజు బదులుగా చేస్తాడు, కానీ రికార్డు రాజు పేరు మీదే. పూజారులు కూడా మీరనుకునేంత ఫుల్‌టైమ్ సన్యాసులు కాదు, నాలుగు బ్యాచ్‌లు, ఒక్కో బ్యాచ్‌కి ఒక నెల డ్యూటీ, తర్వాత మూడు నెలలు ఇంటికెళ్ళి పెళ్ళాం పిల్లలతో పొలం పనో ఆఫీస్ పనో చూసుకోవడం. క్రీ.పూ. 238లో ఈజిప్ట్‌ని ఏలిన గ్రీకు వంశం రాజు టాలమీ 3 ఐదో బ్యాచ్ కూడా పెట్టాడు. డ్యూటీలో ఉన్నప్పుడు రూల్స్ గట్టివి, హెరోడోటస్ చెప్పిన ప్రకారం రోజు విడిచి రోజు ఒళ్ళంతా షేవింగ్, పగలు రెండుసార్లు రాత్రి రెండుసార్లు చన్నీళ్ళ స్నానం, నార బట్టలు, పేపైరస్ చెప్పులు, చేపలు ముట్టకూడదు.

నైవేద్యం ఎటు పోతుంది అని కూడా చాలామంది అడుగుతారు. దేవుడి ముందు పెట్టిన రొట్టెలు, బీరు, మాంసం కాసేపటికి అక్కణ్ణుంచి పక్కనున్న చిన్న దేవుళ్ళకి, పాత రాజుల పేర్లకి చూపించి, ఆఖరికి పూజారులూ గుడి పనివాళ్ళూ పంచుకునేవాళ్ళు, జీతం అదే. సేటీ గుడిలో ఫేమస్ అయిన రాజుల లిస్ట్ ఉంది కదా, 76 పేర్లు, గైడ్లు దాన్ని హిస్టరీ పాఠంలా చూపిస్తారు, నిజానికి అది ఈ పంపకం కోసం పెట్టిన గోడ, పక్కనే సేటీ, చిన్న కుర్రాడిగా రామ్‌సెస్ నిలబడి ఆ పేర్లన్నిటికీ నైవేద్యం చదివి వినిపిస్తుంటారు. హత్‌షెప్సుత్, అఖెనాతెన్, టుటన్‌ఖామున్ పేర్లు అందులో లేవు, అంటే వాళ్ళకి ఈ గుళ్ళో ముద్ద లేదు.

ఇంకో సరదా విషయం చెప్పకుండా ఉండలేను. సేటీ అనే పేరే హంతకుడు సెత్ దేవుడి మీద పెట్టినది, ఆ వంశం వాళ్ళది ఉత్తర డెల్టాలో సెత్‌ని కొలిచే ఇలాకా. మరి అదే రాజు హతుడి గుళ్ళో తన పేరు ఎలా రాయించుకుంటాడు? మామూలుగా ఆ పేరులో సెత్ జంతువు బొమ్మ ఉండాలి, అబిడోస్ గోడల మీద దాన్ని తీసేసి దాని బదులు ఒసైరిస్ బొమ్మో ఐసిస్ ముడి గుర్తో పెట్టించాడు. చాలా రాజకీయం తెలిసిన మనిషి. ఈ గుడి ఆస్తి కోసం నూబియాలో నౌరి దగ్గర కొండ మీద, ఇప్పటి సూడాన్‌లో, ఒక శాసనం కూడా చెక్కించాడు, అబిడోస్ గుడి మనుషుల్ని ఎవరైనా అధికారి వేరే పనికి లాక్కెళ్తే 200 దెబ్బలు, ఒంటి మీద 5 గాయాలు, గుడి పశువుల్ని దొంగిలిస్తే ముక్కు చెవులు కోయడం. అంత దూరంలో ఎందుకంటే ఈ గుడికి నూబియా నుంచి పడవల్లో సరుకు వచ్చేది, దారిలో అధికారులు చేతివాటం చూపించేవాళ్ళు.

ఇప్పుడు జనం దగ్గరికి వద్దాం, నాకు అసలు ఇష్టమైన భాగం ఇదే. ఏటా ఒసైరిస్ విగ్రహం నెష్మెత్ అనే పడవలో, మనుషుల భుజాల మీద, గుడి నుంచి ఎడారిలో ఆ సమాధి దాకా వెళ్ళి తిరిగొచ్చేది. సేనుస్రెత్ 3 పాలన 19వ ఏట, అంటే క్రీ.పూ. 19వ శతాబ్దంలో, ఖజానా అధికారి ఇఖెర్నొఫ్రెత్‌ని రాజు ఈ పనికి పంపించాడు, ఆయన చెక్కించుకున్న రాయి ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. నూబియా నుంచి తెచ్చిన బంగారంతో దేవుడి విగ్రహం మెరుగుపెట్టించా, పడవకి గది చేయించా, దారి తెరిచే నక్క దేవుడు వెపవావెత్ తండ్రికి అండగా బయల్దేరే ఊరేగింపు నడిపించా, పడవ మీదకొచ్చిన శత్రువుల్ని తరిమికొట్టా, పెద్ద ఊరేగింపు చేశా, దేవుణ్ణి పెకెర్ అనే ఆ ఎడారి చోట సమాధి దాకా తీసుకెళ్ళా, నెడిత్ ఒడ్డున శత్రువులందర్నీ కూల్చా, మళ్ళీ ఇంటికి చేర్చా అని వరసగా చెప్తాడు. శత్రువులతో కొట్లాట అంటే నిజంగా నాటకంలా జనం రెండు పార్టీలై ఆడేవాళ్ళు అని చాలామంది పండితుల ఊహ. గమనించారా, ఇక్కడ కూడా దేవుడు చచ్చిపోయాడు అనే మాట లేదు.

ఆ దారికి రెండు పక్కలా, ముఖ్యంగా గుడి దగ్గర ఎత్తు మీద, చిన్న చిన్న మట్టి ఇటుకల గదులు వందల కొద్దీ కట్టుకున్నారు. కొన్ని మనిషి దూరేంత, కొన్ని ఒక్క రాతి పలక పట్టేంతే. చాలామందిని అక్కడ పూడ్చలేదు, వాళ్ళ ఊళ్ళో వాళ్ళ సమాధి వాళ్ళకుంది, ఇది కేవలం దేవుడు పోయే దారిలో మన పేరు ఉండాలి అని. పలకల మీద కోరికలు చూడండి, తొలి ఊరేగింపులో వెపవావెత్ అందం చూడాలి, హాకెర్ పండగ రాత్రి జనం కేకలు వినాలి, నెష్మెత్ పడవలో చెయ్యి అందుకుని ఎక్కాలి. ఎవరు వీళ్ళు అంటే పెద్ద మంత్రులే కాదు, లేఖకులు, మేస్త్రీలు, సైనికులు, వంట చేసేవాళ్ళు, ఒక్కో పలకలో భార్య, పిల్లలు, అమ్మ, పనివాళ్ళు అందరి పేర్లూ ఇరికించేస్తారు, ఊరేగింపు చూడ్డానికి కుటుంబం మొత్తం తోసుకుని నిలబడ్డట్టే.

ఆ పలకల్లోనే దారిన పోయేవాళ్ళకి ఒక విన్నపం ఉంటుంది. భూమ్మీద బతికున్న వాళ్ళారా, బతుకు అంటే ఇష్టం చావు అంటే అసహ్యం ఉన్నవాళ్ళారా, నా పేరు మీద వెయ్యి రొట్టెలు వెయ్యి బీరు కుండలు అని ఒక్కసారి నోటితో అనండి, మీ చేతిలో ఏమీ లేకపోయినా పర్లేదు, నోటి గాలే కదా, మీకు పోయేదేమీ లేదు. నిజమైన రొట్టె పెట్టే స్తోమత లేనివాడు కూడా చేయగలిగిన పూజ ఇది. గుడి లోపల వందమంది సిబ్బందితో రాజు చేయించేదీ, బయట ఒక బాటసారి ఊపిరితో చేసేదీ ఒకటే సేవ, చచ్చినవాడికి తిండి అందించడం. అందుకే నేను ముందే అన్నా, ఆ దారిని చూడకపోతే ఈ దేవుడు అర్థం కాడు.

జనం మరీ ఎక్కువైపోయి సమాధులు ఊరేగింపు దారిలోకే వచ్చేస్తుంటే ఆపడానికి కూడా రాళ్ళు పాతారు. 13వ వంశం రాజు నెఫెర్‌హొతెప్ 1 పేరున్న శాసనం ఒకటి దొరికింది, ఈ రాళ్ళ మధ్య పవిత్ర స్థలంలో డ్యూటీలో ఉన్న పూజారి తప్ప ఎవడు కనిపించినా తగలబెట్టండి అని. అంత ఘాటుగా రాశారంటే ఆక్రమణల గొడవ ఎంత ముదిరిందో మీరే ఊహించుకోండి.

గుడి లోపల ఒసైరిస్‌కి మాత్రమే ప్రత్యేకంగా ఉండే పూజ ఇంకోటి, ఖోయాక్ నెల పండగ, నైలు వరద తగ్గుముఖం పట్టి పొలాలు బయటపడే టైమ్. దీని వివరాలు లక్సర్‌కి ఉత్తరాన ఉన్న డెందెరా గుడి పైకప్పు మీదున్న ఒసైరిస్ గదుల్లో గోడ నిండా రాసి ఉన్నాయి, టాలమీల చివరి కాలం నాటివి. ఖోయాక్ 12న మూరెడు పొడవున్న బంగారు అచ్చులో ఇసుక, బార్లీ గింజలు కలిపి నింపుతారు, అచ్చు మమ్మీ ఆకారంలో రెండు సగాలుగా ఉంటుంది, రాతి తొట్టిలో పెట్టి రోజూ నీళ్ళు పోస్తారు, మొలకలొస్తాయి, 21న బయటికి తీసి రెండు సగాలు కలిపి తాళ్ళతో కట్టి ఎండబెడతారు. 22న 34 చిన్న పడవల్లో దేవుళ్ళు, 365 దీపాలతో గుడి చెరువు మీద తిప్పుతారు. నెలాఖరుకి కొత్త బొమ్మ లోపలికి, పోయిన ఏడాది బొమ్మ సమాధిలోకి, ఒసైరిస్ వెన్నెముకగా భావించే జెద్ స్తంభం నిలబెట్టడంతో పండగ అయిపోతుంది. ఆ స్తంభాన్ని సేటీ, ఐసిస్ చెరో పక్క పట్టుకుని లేపుతున్న బొమ్మ అబిడోస్ గుడి వెనక గదుల్లో ఉంది, మిస్ అవ్వకండి. ఇలా గింజలు మొలిపించే ఒసైరిస్ చట్రం టుటన్‌ఖామున్ సమాధిలో కూడా దొరికింది.

ఇదే పండగలో 22 నుంచి 26 దాకా ఇద్దరు ఆడవాళ్ళు ఐసిస్, నెఫ్తిస్‌లుగా ఏడుపు పాటలు పాడాలి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక పేపైరస్‌లో రూల్స్ ఉన్నాయి, కన్యలై ఉండాలి, ఒంటి మీద వెంట్రుకలు తీసేసి ఉండాలి, తలకి విగ్గు, చేతిలో డప్పు లాంటి వాయిద్యం, భుజం మీద ఒకరికి ఐసిస్ అని ఇంకొకరికి నెఫ్తిస్ అని పేరు రాయాలి. పాటలు మాత్రం అచ్చంగా మొగుడు పోయిన ఆడదాని పాటలు, ఇంటికి రా, నీ ఇంటికి రా, నువ్వు కనపడక ఎన్నాళ్ళయింది అని. చెల్లెలికి, భార్యకి తప్ప ఎవరికీ ఈ దేవుణ్ణి ఇలా పిలిచే చనువు లేదు.

చివరికి ఈ పూజ ఎక్కడ ఆగిపోయిందంటే, దక్షిణాన అస్వాన్ దగ్గర ఫిలే ద్వీపంలో. పక్కనే బిగ్గా అనే ద్వీపంలో ఒసైరిస్ సమాధి ఉందని నమ్మేవాళ్ళు, ప్రతి 10 రోజులకీ ఐసిస్ విగ్రహం పడవలో దాటి వెళ్ళి అక్కడ పాలు ధారపోసేది, సమాధి చుట్టూ 365 నైవేద్యం బల్లలు, గట్టిగా మాట్లాడకూడదు, డప్పు కొట్టకూడదు, చిన్నా పెద్దా ఎవరూ అడుగు పెట్టకూడదు అని ఫిలే గుళ్ళో హేడ్రియన్ ద్వారం మీద రాసుంది. అదే ద్వారం మీద ఈజిప్ట్ బొమ్మల లిపిలో దొరికిన ఆఖరి శాసనం కూడా ఉంది, క్రీ.శ. 394 ఆగస్టు 24, చెక్కినాయన ఐసిస్ పూజారి, ఇవాళ ఒసైరిస్ పుట్టినరోజు అని తేదీ పక్కన రాసుకున్నాడు. దేశమంతా క్రైస్తవమైపోయాక కూడా దక్షిణం నుంచి నూబియా తెగలు ఇక్కడికి వస్తూనే ఉన్నాయి, వాళ్ళతో గొడవ ఎందుకని రోమ్ చూసీ చూడనట్టు ఊరుకుంది, ఆఖరికి 535, 537 మధ్య రోమ్ చక్రవర్తి జస్టీనియన్ గుడి మూయించాడు.

అనుబిస్ సంగతి త్వరగా చెప్తా. ఒసైరిస్ స్థాయిలో పెద్ద గుళ్ళు ఆయనకి మిగల్లేదు, హత్‌షెప్సుత్ గుళ్ళో ఒక అందమైన గది ఉంది, మధ్య ఈజిప్ట్‌లో గ్రీకులు కుక్కల ఊరు అని పిలిచిన పట్నం ఆయనది, కైరో దగ్గర సక్కారాలో ఒక గుడి ఉండేది. సక్కారాలో గుడి పక్కన సొరంగాల్లో కుక్కల మమ్మీలు దాదాపు 80 లక్షలు ఉండొచ్చని కార్డిఫ్ యూనివర్సిటీ వాళ్ళ అంచనా, ఎక్కువ భాగం పుట్టిన కొద్ది గంటలకో రోజులకో పోయిన పిల్లలు, అంటే భక్తులకి మొక్కు కోసం అమ్మడానికే పెంచేవాళ్ళు, దీన్ని భక్తి అనాలో వ్యాపారం అనాలో నాకైతే రెండోదే ఎక్కువ అనిపిస్తుంది. పూజల్లో అనుబిస్ పాత్ర వేసేవాళ్ళు నక్క తల మాస్క్ పెట్టుకునేవాళ్ళు, మట్టితో చేసిన నిజం మాస్క్ ఒకటి జర్మనీలో హిల్డెస్‌హైమ్ మ్యూజియంలో ఉంది, చూసే కన్నాలు మెడ కింద ఉంటాయి, కాబట్టి పెట్టుకున్నవాడికి దారి సరిగ్గా కనపడదు. డెందెరా గోడ మీద ఒక బొమ్మలో మాస్క్ వేసుకున్న పూజారిని ఇంకో పూజారి వెనక నుంచి పట్టుకుని నడిపిస్తుంటాడు.

ఈజిప్ట్ దాకా వెళ్ళలేనివాళ్ళు హైదరాబాద్‌లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో 7వ నిజాం ఇచ్చిన మమ్మీ ఉంది, చూడొచ్చు. ఈ దేవుడి మీద నమ్మకంతోనే ఆ మనిషికి ఆ కట్లు కట్టారు, ఆ కాలానికి చచ్చిన ఎవరి పేరుకైనా ముందు ఒసైరిస్ అని తగిలించేవాళ్ళు, ఆడవాళ్ళకి కూడా.

వెళ్ళేవాళ్ళు లక్సర్ నుంచి ఒకే రోజులో అబిడోస్, డెందెరా రెండూ చేయొచ్చు, పొద్దున్నే బయల్దేరి ముందు అబిడోస్ చూడండి. గుడి వెనక ఒసైరియన్ అని పెద్ద పెద్ద గ్రానైట్ స్తంభాల కట్టడం, మధ్యలో దిబ్బ, చుట్టూ నీళ్ళు ఉంటాయి, సేటీ దాన్ని ఒసైరిస్ సమాధి నమూనాగా కట్టించాడు, పై నుంచే చూడాలి. గ్రహాంతరవాసులు కట్టారు అని చెప్పే గైడ్ దొరికితే వేరే గైడ్‌ని చూసుకోండి. డెందెరాలో పైకప్పు మీదకి మెట్లెక్కించమని గట్టిగా అడగండి, చాలామంది కింద హాలు చూపించి టైమ్ అయిపోయింది అంటారు, ఒసైరిస్ గదులు పైనే ఉన్నాయి, అక్కడ సీలింగ్‌లో కనపడే గుండ్రటి రాశిచక్రం మాత్రం కాపీ, అసలుది 1821లో కోసి తీసుకుపోయారు, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్‌లో ఉంది.